తిరిగే చక్రం, కదలని చక్రం: ఎల్‌ఎస్‌డీ–లాకర్ వాదం ఎక్కడిదాకా వచ్చింది?

బండి బురదలో దిగబడినప్పుడు ఒక చక్రం మట్టి చిమ్ముతూ గిరగిరా తిరుగుతుంటుంది. అదే యాక్సిల్‌కు రెండో కొసన గట్టి నేల మీదున్న చక్రం మాత్రం ఉలకదు, పలకదు. ఇంజన్‌లో బలముంది, ఒక టైరు కింద పట్టూ ఉంది, ఆ రెంటినీ కలిపే దారే మూసుకుపోయింది. దాన్ని తెరవడానికి జారుడును కొంతవరకు అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (వాడుకలో ఎల్‌ఎస్‌డీ) మేలా, రెండు చక్రాలనూ ఒకటిగా కట్టేసే లాకర్ మేలా అన్న వాదం ఆఫ్‌రోడ్ బండ్లు నడిపేవాళ్ళలో దశాబ్దాలుగా సాగుతోంది.

ఇప్పుడది మునుపటికంటే ఎక్కువ చిక్కుపడింది. బ్రేకుల సాయంతో పనిచేసే ఎలక్ట్రానిక్ పద్ధతులకు కూడా కంపెనీలు ఎల్‌ఎస్‌డీ అనో, లాకింగ్ అనో పేర్లు తగిలించాయి. ఇసుకలో తిరిగేవాళ్ళు ఇసుకను, రాళ్ళెక్కేవాళ్ళు రాళ్ళను సాక్ష్యంగా చూపి ఎవరికి వారు గెలిచామంటున్నారు. మధ్య డిఫరెన్షియల్ లాక్‌కూ యాక్సిల్ లాక్‌కూ తేడా తెలియకుండానే చాలా చర్చలు ముగిసిపోతున్నాయి. ఈ సమీక్ష ఆ ముడులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తుంది. ఏ పరికరం గొప్పదన్న ప్రశ్న కంటే, పట్టు లేని చక్రం మీద ఇంకా ఎంత బరువు నిలిచి ఉందన్న ప్రశ్నే ఇందులో అసలుదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలనివి కొన్ని మిగులుతాయి.

డిఫరెన్షియల్ తెచ్చిన సుఖం, దాని వెంట వచ్చిన కష్టం

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య మీటరున్నర వెడల్పున్న బండి ఒక్క లంబకోణపు మలుపు తిరిగితే, బయటి చక్రం సుమారు 2.36 మీటర్లు ఎక్కువ తిరుగుతుంది. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా ఇంతే. ఇరుసు ఒకే కడ్డీ అయితే ఆ 2.36 మీటర్లూ ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే. ఈ బాధ తీర్చే డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరికకు ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ 1828లో ఆవిరి బండి కోసం పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో దాన్ని మూడు చక్రాల సైకిల్‌కు వాడాడు. కార్లు పుట్టేనాటికి ఆ అమరిక సిద్ధంగా ఉంది.

మామూలు డిఫరెన్షియల్ చక్రాల వేగాలను విడదీస్తుంది కానీ టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఎప్పుడూ రెండు వైపులకూ సమానంగానే పంచుతుంది. కాడికి కట్టిన ఎద్దుల జతలో ఒకటి లాగడం మానేస్తే కాడి ఆ వైపుకు వాలుతుంది, రెండోదాని బలం వృథా అవుతుంది. ఇక్కడా అంతే. బురదలో ఉన్న చక్రం ఎంత బలాన్ని నేలకు దించగలదో, గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఈ కష్టం తీరిపోతుందనుకోవడం పొరపాటు. ముందు, వెనుక యాక్సిళ్ళను గట్టిగా కలిపినా, ఒక్కో యాక్సిల్ లోపల మామూలు డిఫరెన్షియలే ఉంటే ముందొక చక్రం, వెనుకొక చక్రం ఉత్తినే తిరిగితే చాలు, బండి ఆగిపోతుంది. గుంతల దారిలో ఎదురెదురు మూలల చక్రాలు రెండూ గాల్లోకి లేచే పరిస్థితి ఇదే. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌కు మధ్య డిఫరెన్షియల్ లాక్ ఉండేది. అది ముందు వెనుకలను కట్టేస్తుందే తప్ప ఎడమ కుడులను కట్టదు. కంపెనీ బ్రోషర్లలో ‘డిఫ్ లాక్ ఉంది’ అని కనిపిస్తే, ఏ డిఫరెన్షియల్‌కు అని అడగడం కొనేవాడి మొదటి బాధ్యత.

రెండు దారులు, రెండు పుట్టిళ్ళు

ఎల్‌ఎస్‌డీ రేసు ట్రాక్ మీద పుట్టింది. ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ కోసం రూపొందించిన గ్రాండ్ ప్రి కారు గంటకు 160 కిలోమీటర్ల వేగం దాకా ఒక వెనుక చక్రాన్ని ఉత్తినే తిప్పేసేది. దాన్ని అదుపు చేసే డిఫరెన్షియల్ తయారు చేయమని 1935లో జడ్‌ఎఫ్ కంపెనీని కోరారు. అమెరికాలో 1956లో స్టూడ్‌బేకర్-ప్యాకార్డ్ మామూలు కార్లలోకి దీన్ని తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి షెవ్రొలే పాజిట్రాక్షన్ పేరుతో అమ్మింది. 1958లో వెర్నన్ గ్లీస్మన్ పేటెంట్ పొందిన గేర్ల అమరిక తర్వాత టోర్సెన్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఈ వంశమంతా వేగంలో, మలుపుల్లో, పట్టు సడలినా పూర్తిగా పోని చోట్ల పనిచేయడానికి తయారైనది.

లాకర్ పుట్టిల్లు పొలం. యుద్ధం ముగిశాక జర్మనీలో ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ రైతుల కోసం రూపొందించి 1948 నుంచి తయారైన ఉనిమాగ్‌కు ముందు, వెనుక రెండు యాక్సిళ్ళకూ లాకులుండేవి. ట్రాక్టర్లదీ అదే కథ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో దమ్ము చేసే ప్రతి ట్రాక్టర్ డ్రైవర్‌కూ కాలి దగ్గరుండే డిఫ్ లాక్ పెడల్ తెలుసు. ఒక చక్రం దిగబడబోతుండగా తొక్కాలి, మలుపు తిప్పే ముందు వదిలేయాలి. ఈ రెండు నియమాలూ పాటించే రైతుకు లాకర్ గురించి తెలుసుకోవాల్సింది దాదాపు అంతా తెలిసినట్టే. నగరాల్లో జీపు కొని కొత్తగా ఆఫ్‌రోడ్ నేర్చుకునేవాళ్ళు ఈ జ్ఞానం తమ ఊరి పొలాల్లోనే ఉందని గుర్తించకపోవడం విచారకరం.

సైన్యాలు కూడా ఒక మాట మీద లేవు. 1979లో వచ్చిన మెర్సిడెస్ జీ-వాగన్ ముందు వెనుక యాక్సిళ్ళకు డ్రైవర్ వేసే లాకులు ఎంచుకుంది. 1980ల నడుమ అమెరికన్ సైన్యంలో చేరిన హమ్‌వీ రెండు యాక్సిళ్ళలోనూ టోర్సెన్ పెట్టుకుంది. ఇంచుమించు ఒకే పనికి, ఒకే కాలంలో, అనుభవజ్ఞులైన ఇంజనీర్లు ఎదురుబొదురు జవాబులిచ్చారు. ఒక పక్షం తెలివితక్కువదని తేల్చేసేవాళ్ళు ఈ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి.

ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ 1980ల చివరలో గాలి ఒత్తిడితో పడే ఎయిర్ లాకర్‌ను తెచ్చాక, ఫ్యాక్టరీలో లాక్ రాని బండికి కూడా తర్వాత బిగించుకునే వీలు కలిగింది. 2003లో జీప్ రాంగ్లర్ రూబికాన్ ముందు, వెనుక లాకులను షోరూంలోకే తెచ్చింది. సైన్యాల్లో, పొలాల్లో ఉండిపోయిన పరికరం అలా సరదా కోసం కొండలెక్కేవాళ్ళ నోళ్ళలో నానడం మొదలైంది.

ఎల్‌ఎస్‌డీలన్నీ ఒకటి కాదు

క్లచ్ రకంలో పలకల దొంతర ఉంటుంది. స్ప్రింగుల వల్ల వాటి మీద కొంత ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఇంజన్ బలం పెరిగేకొద్దీ వాలు అంచులు పలకలను ఇంకా బిగిస్తాయి. పలకలు అరుగుతాయి, వీటికి వేసే గేర్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాల్సి ఉంటుంది. మామూలు ఆయిల్ పోస్తే మలుపుల్లో కటకటమని శబ్దం, వణుకు వస్తాయి. పాత బండ్లలో ‘ఎల్‌ఎస్‌డీ ఉన్నా పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అరిగిన పలకలే.

గేర్ రకం (టోర్సెన్, దాని బంధువులు) పట్టు ఉన్న చక్రానికి, లేనిదాని కంటే ఇన్ని రెట్లు ఎక్కువ బలం పంపుతుంది. ఆ రెట్లను బయస్ రేషియో అంటారు. తరచుగా రెండున్నర, మూడు దగ్గర ఉండి కొన్నిట్లో అంతకు పైకీ వెళుతుంది. పలకల దొంతర మీద ఆధారపడదు కాబట్టి అరుగుదల తక్కువ, పని మృదువు. చిక్కని సిలికాన్ ద్రవంతో పనిచేసే విస్కస్ రకం మూడోది. చక్రం తిరగడం మొదలయ్యాక, ద్రవం వేడెక్కాక గానీ ఇది స్పందించదు. ఆఫ్‌రోడ్‌కు దీన్ని యాక్సిల్‌లో సిఫార్సు చేసేవాళ్ళు నేడు దాదాపు లేరు.

లాకర్లలో మాట వినేవి, విననివి

డ్రైవర్ స్విచ్ నొక్కినప్పుడో లివర్ లాగినప్పుడో మాత్రమే పడేవి సెలెక్టబుల్ లాకర్లు. గాలి, విద్యుత్తు, కేబుల్, వీటిలో ఏదైనా వాటిని కదిలించవచ్చు. లాక్ తీస్తే మామూలు డిఫరెన్షియలే. ఆటోమేటిక్ లాకర్లు (అమెరికాలో పేరున్న డెట్రాయిట్ లాకర్ లాంటివి) ఎప్పుడూ లాక్ అయ్యే ఉంటాయి. మలుపులో బయటి చక్రం ముందుకు పోవాలనుకున్నప్పుడు మాత్రం దాన్ని వదిలేస్తాయి. బలమైనవి, స్విచ్చులేవీ లేనివి. అయితే రోడ్డు మీద టక్కుమనే శబ్దాలు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే తోక విసురు వీటితో తప్పవు. తడి ఘాట్ రోడ్డు మీద అలవాటు లేని చేతికి ఇవి ప్రమాదకరం. డిఫరెన్షియల్ గేర్లకు వెల్డింగ్ చేసి శాశ్వతంగా కట్టేసే పద్ధతి కూడా ఉంది. రోడ్డు మీద తిరిగే బండికి దాన్ని ఎవరూ చేయించకూడదు.

రెండు పక్షాల మధ్య నిలిచే వింత పరికరం ఒకటుంది. ఈటన్ కంపెనీ 1973లో జనరల్ మోటార్స్ బండ్లకు గవ్‌లాక్ పేరుతో తెచ్చిన అమరిక నేటి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్‌కు పూర్వరూపం. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని ఒక కొక్కేన్ని తగిలిస్తాయి. దాంతో క్లచ్ బిగుసుకుని రెండు వైపులూ ఒకటవుతాయి. బండి గంటకు 30 కిలోమీటర్ల పైన ఉంటే లాక్ పడదు. ఇది నిజమైన లాకే. అయితే చక్రం ముందు జారాలి, తర్వాతే పడుతుంది. ఆ మధ్యలో పోయే అర క్షణం రాతి అంచు మీద చాలా ఎక్కువ, బురద దారిలో దాదాపు లెక్కలోకి రాదు.

అంకెల్లో చూస్తే

మాటలతో తెగని వాదం చిన్న లెక్కతో చాలావరకు తెగుతుంది. ఊహకు ఒక వెనుక యాక్సిల్ తీసుకుందాం. కుడి చక్రం గట్టి రాయి మీద ఉంది, 1,500 న్యూటన్ మీటర్ల దాకా టార్క్ దించగలదు. ఎడమది బురదలో ఉంది, 200 మించి దించలేదు. బండి గట్టెక్కాలంటే ఈ యాక్సిల్ నుంచి 1,200 కావాలి.

మామూలు డిఫరెన్షియల్ ఇచ్చేది 200, 200, మొత్తం 400. బయస్ రేషియో మూడు ఉన్న టోర్సెన్ ఇచ్చేది 200, 600, మొత్తం 800. లాకర్ ఇచ్చేది 200, 1,500, మొత్తం 1,700. బండిని కదిలించేది లాకర్ ఒక్కటే. లాకర్ పక్షం ఎప్పుడూ చూపే చిత్రం ఇదే.

ఇప్పుడు ఎడమ చక్రం కింద బురద కాస్త గట్టిపడిందనుకుందాం, 400 దించగలదు. మామూలుది 800 ఇచ్చి ఆగిపోతుంది. టోర్సెన్ 400, 1,200 కలిపి 1,600 ఇస్తుంది. లాకర్ 1,900 ఇస్తుంది. ఈసారి రెండూ గట్టెక్కిస్తాయి, పైగా టోర్సెన్ డ్రైవర్ ఏ స్విచ్చూ నొక్కకుండానే గట్టెక్కిస్తుంది. ఎల్‌ఎస్‌డీ పక్షం చూపేది ఈ చిత్రం. రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి. వాళ్ళ మధ్య దూరమంతా ఎడమ చక్రం కింది ఆ 200 న్యూటన్ మీటర్లే.

మూడో సందర్భం: ఎడమ చక్రం గాల్లో ఉంది. సున్నాను మూడుతో హెచ్చించినా సున్నాయే. టోర్సెన్ చేతులెత్తేస్తుంది. క్లచ్ రకం స్ప్రింగుల ఒత్తిడి మేరకు కొద్దిగా ఇస్తుంది, అది బండిని కదిలించేంత కాదు. లాకర్ 1,500 ఇస్తుంది. హమ్‌వీ డ్రైవర్లకు ఈ చోట యాక్సిలరేటర్‌తో పాటు బ్రేకు కూడా తొక్కడం నేర్పుతారు. ఒక్కో చక్రానికి 400 చొప్పున బ్రేకు పడితే గాల్లోని చక్రం 400ను ‘పట్టు’గా చూపుతుంది. రెండో వైపుకు 1,200 వెళుతుంది, అందులో 400 దాని సొంత బ్రేకే తినేస్తుంది, నికరంగా 800 మిగులుతుంది. పనికొచ్చే ఉపాయమే, కానీ నేర్పు కావాలి, బ్రేకులు వేడెక్కుతాయి. దీన్ని లాకర్‌కు సమానమని చెప్పడం మాత్రం అతిశయోక్తి.

ఏ నేల మీద ఎవరిది పైచేయి

సమతలంగా ఉన్న ఇసుకలో రెండు చక్రాల కింద పట్టు ఇంచుమించు ఒకటే. కాబట్టి ఎడమ కుడుల మధ్య పంపకం అక్కడ పెద్ద సమస్య కాదు. టైర్లలో గాలి తగ్గించి, వేగం నిలబెట్టుకోవడం వల్ల వచ్చే లాభం ముందు డిఫరెన్షియల్ ఎంపిక చిన్నది. ఇసుక అనుభవంతో లాకర్లు దండగ అనేవాళ్ళు తమ నేల వరకు సరిగానే చెబుతున్నారు. థార్ ఎడారిలో ఇసుక తిన్నె అంచు మీద బండి ఒరిగి ఒక చక్రం తేలిపోయినప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది.

వానకాలపు నల్లరేగడి వేరే బాధ. అది టైరు గాడులన్నిటినీ నింపేసి రెండు చక్రాలనూ నున్నగా చేస్తుంది. రెండింటికీ పట్టు లేనప్పుడు ఏ డిఫరెన్షియలూ పట్టును పుట్టించలేదు. పక్కకు వాలిన రేగడి బాట మీదైతే లాకర్ ఎదురు తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్‌తో ఒక చక్రం తిరుగుతుంటే, తిరగని రెండో చక్రం బండి పక్కకు జారకుండా కొంత ఆపుతుంది. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, ఆ ఆసరా కూడా పోయి బండి వాలు వైపుకు, కాలువలోకి దిగిపోతుంది. కర్నూలు, ఆదిలాబాద్ రేగళ్ళలో పొలం బాట నడిపేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇలాంటి వాలు మీద, మంచు పట్టిన హిమాలయ రోడ్ల మీద మృదువైన గేర్ రకం ఎల్‌ఎస్‌డీ చాలా మేలు. ఆటోమేటిక్ లాకర్ అన్నిటికంటే చెడ్డ ఎంపిక.

రాళ్ళు, లోతైన గాడులు, వాగుల ఒడ్లు లాకర్ రాజ్యం. అక్కడ చక్రాలు గాల్లోకి లేస్తాయి. లాకర్ ఉన్న బండి అక్కడ వేగంతో దూకాల్సిన పనిలేకుండా, లో రేంజ్‌లో (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల జతలో) నడక వేగంతో పాకుతూ ఎక్కుతుంది. లాకర్ లేని బండి అదే చోట ఊపు మీద దూకాలి. ఆ దూకుడులోనే యాక్సిళ్ళు, చాసిస్ కింది భాగాలు దెబ్బతింటాయి. లాకర్ వల్ల వచ్చే అసలు లాభం ఎక్కువ బలం కన్నా ఈ నిదానమే అనిపిస్తుంది. మొత్తం చర్చలో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

సస్పెన్షన్ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. గట్టి యాక్సిళ్ళతో, చక్రాలు బాగా కిందికీ పైకీ కదిలే బండిలో చక్రం గాల్లోకి లేచే సందర్భాలు తక్కువ, ఎల్‌ఎస్‌డీ ఎక్కువసేపు పనికొస్తుంది. ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న ఆధునిక బండ్లలో చక్రం త్వరగా తేలుతుంది, లాకర్ అవసరం పెరుగుతుంది. ఒక బండి మీద వచ్చిన తీర్పును ఇంకో బండికి అతికించకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

బ్రేకులు వాదంలోకి దూరాక

1990లలో మూడో పక్షం వచ్చింది. ఉత్తినే తిరిగే చక్రాన్ని ఏబీఎస్ సెన్సర్లు పసిగడతాయి, కంప్యూటర్ ఆ ఒక్కదానికే బ్రేకు వేస్తుంది, డిఫరెన్షియల్ బలాన్ని రెండో వైపుకు పంపుతుంది. 1997లో వచ్చిన మెర్సిడెస్ ఎం-క్లాస్ లాకుల బదులు ఈ పద్ధతినే నమ్ముకుంది. కొత్తగా గేర్లేవీ అక్కర్లేదు, అదనపు ఖర్చు తక్కువ, రోడ్డు మీద ఇబ్బంది లేదు. కంపెనీలకు ఇంతకంటే ఏం కావాలి?

పై లెక్కలోనే దీన్నీ పెట్టి చూద్దాం. 200 పట్టున్న ఎడమ చక్రానికి 500 బ్రేకు వేస్తే రెండు వైపులకూ 700 వెళుతుంది. నేలకు దిగేది 200, 700 కలిపి 900. మిగిలిన 500 బ్రేకులో వేడిగా పోతుంది. టోర్సెన్ కంటే కొంచెం నయం, లాకర్‌లో సగం. గాల్లో ఉన్న చక్రంతో కూడా ఇది ఎంతో కొంత పనిచేస్తుంది, అక్కడ టోర్సెన్‌ను ఓడిస్తుంది. అందుకే నేటి ఆఫ్‌రోడ్ బండ్లలో ఎల్‌ఎస్‌డీ చోటును ఎక్కువగా ఆక్రమించింది లాకర్ కాదు, బ్రేకు పద్ధతే. అయితే చక్రం తిరిగాకే ఇది మేలుకుంటుంది, ఆగి ఆగి తోస్తుంది, పొడవైన ఎక్కుడులో బ్రేకులు వేడెక్కి కొన్ని బండ్లలో కాసేపు పని మానేస్తుంది.

చరిత్రలో ఒక పాఠం ఉంది. 1998లో వచ్చిన రెండో తరం ల్యాండ్ రోవర్ డిస్కవరీలో ఎలక్ట్రానిక్స్ మీద నమ్మకంతో మధ్య డిఫరెన్షియల్ లాక్ లివర్‌ను తీసేశారు. వాడేవాళ్ళు ఒప్పుకోలేదు. 2003-04 నాటి సవరణలో లాక్ తిరిగొచ్చింది. 2004లో వచ్చిన మూడో తరం డిస్కవరీలో మధ్యలో లాక్, వెనుక యాక్సిల్‌కు ఎలక్ట్రానిక్ లాక్ ఐచ్ఛికంగా ఇచ్చారు. బ్రేకు పద్ధతి లాకుల అవసరాన్ని పూర్తిగా తీర్చేస్తుందన్న వాదాన్ని దాని తొలి సమర్థకులే వెనక్కి తీసుకున్నారని దీన్నిబట్టి చెప్పవచ్చు.

అరిగేవి, విరిగేవి

లాకర్ మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు యాక్సిల్ విరుగుతుందని. ఇందులో నిజముంది. ఇంజన్ 300 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుందాం. మొదటి గేరు 4, లో రేంజ్ 2.5, క్రౌన్ పినియన్ 4 చొప్పున హెచ్చిస్తే 12,000 అవుతుంది. అంత బలాన్ని ఏ టైరూ నేలకు దించలేదు, అంతకుముందే జారిపోతుంది. జారే చక్రం ఒక్కసారిగా రాతికి తగిలి పట్టు చిక్కినప్పుడు వచ్చే కుదుపే షాఫ్ట్‌ను విరుస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఈ కుదుపును రెండు వైపులకూ పంచుతుంది. లాకర్ మొత్తాన్ని ఒక్క షాఫ్ట్ మీదే వేయగలదు. ముందు యాక్సిల్‌లో స్టీరింగ్ తిప్పి ఉంచినప్పుడు షాఫ్ట్‌ను వంగనిచ్చే కీలైన సీవీ జాయింట్‌కు ఈ ముప్పు మరీ ఎక్కువ. టైర్లు పెద్దవి చేసి, ముందు లాకర్ బిగించి, షాఫ్ట్‌లు మాత్రం పాతవే ఉంచేవాళ్ళు నష్టాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

నిర్వహణలో ఎవరి బాధలు వాళ్ళవి. ఎయిర్ లాకర్‌కు కంప్రెసర్, గాలి గొట్టం, రబ్బరు సీళ్ళు కావాలి. విద్యుత్ లాకర్‌కు వైరింగ్ నీళ్ళలో తడవకూడదు. కేబుల్ లాకర్ తుప్పుకు లొంగుతుంది. క్లచ్ ఎల్‌ఎస్‌డీకి ఆయిల్, పలకలు చూసుకోవాలి. తక్కువ కోరేది గేర్ రకమే. తర్వాత బిగించే లాకర్‌తో ఫ్యాక్టరీ వారంటీ చిక్కులు వస్తాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల మీద పెట్టిన పరిమితులనూ చూసుకోవాలి.

మన దేశంలో దొరికేవి

భారత మార్కెట్లో లాకులకూ, బ్రేకు పద్ధతికీ ప్రతినిధులున్నారు. ఫోర్స్ గూర్ఖా ముందు, వెనుక యాక్సిళ్ళకు డ్రైవర్ వేసే లాకులిస్తుంది. ఈ ధరల్లో ఇది చాలా అరుదైన సంగతి. 2020 మహీంద్రా థార్ పై రకాల్లో వెనుక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చింది. 2024 ఆగస్టులో వచ్చిన థార్ రాక్స్ ఫోర్ వీల్ డ్రైవ్ రకాలు స్విచ్‌తో పడే ఎలక్ట్రానిక్ లాక్‌కు మారాయి. టయోటా హైలక్స్‌కు వెనుక ఎలక్ట్రానిక్ లాక్ ఉంది. 2023లో వచ్చిన మారుతి జిమ్నీ ‘బ్రేక్ ఎల్‌ఎస్‌డీ’ అనే బ్రేకు పద్ధతి మీద నడుస్తుంది. దాని యాక్సిళ్ళలో ఉన్నవి మామూలు డిఫరెన్షియళ్ళే. తేలిక బరువు, గట్టి యాక్సిళ్ళు కలిసి ఆ బండిని ఆశ్చర్యపరిచేంత దూరం తీసుకెళతాయి. డిఫరెన్షియల్ ఒక్కదాన్నిబట్టి బండిని కొలవకూడదని చెప్పడానికి జిమ్నీ మంచి ఉదాహరణ.

వారాంతంలో అడవి బాటలు, ఇసుక తీరాలు, ఏడాదికోసారి హిమాలయాలు చూసేవారికి బ్రేకు పద్ధతి, మంచి టైర్లు సరిపోతాయి. రాళ్ళు, గాడులు తరచుగా ఎక్కేవారు వెనుక సెలెక్టబుల్ లాకర్ ఒకటి పెట్టుకోవాలి. గోవాలో 2014 నుంచి జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ లాంటి పోటీలకు సిద్ధమయ్యేవారికే రెండు లాకులు, గట్టి షాఫ్ట్‌లు, వించ్ అవసరం. ఇది సాధారణ సలహా. బండి రకం, నడిపే నేల దీన్ని అటూ ఇటూ జరుపుతాయి.

ఇంకా తేలనివి

ఒకే లాకర్ కొనగలిగితే ముందు పెట్టాలా, వెనుక పెట్టాలా? ఎక్కుడులో బరువు వెనక్కి పోతుంది కాబట్టి పట్టూ అక్కడే, స్టీరింగ్‌కూ అడ్డురాదు అంటుంది వెనుక పక్షం. వెనుక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలు రాతి అంచుకు ఢీకొట్టి ఆగుతాయి, ముందు లాక్ ఉంటే అవే ఎక్కి లాగుతాయి అంటుంది ముందు పక్షం. ఇండిపెండెంట్ సస్పెన్షన్ వల్ల ముందు చక్రమే ఎక్కువగా తేలే బండ్లలో రెండో వాదానికి బలం పెరుగుతుంది, కానీ అదే బండ్లలో సీవీ జాయింట్లు బలహీనం. ఈ రెండింటిలో ఏది బరువైనదో అన్ని బండ్లకూ వర్తించేలా ఇప్పటికీ చెప్పలేం.

లాకర్లు దారులను కాపాడతాయా, పాడుచేస్తాయా అన్నది ఇంకో ప్రశ్న. చక్రం ఉత్తినే తిరగదు కాబట్టి నేల తక్కువ చెదురుతుందన్నది ఒక మాట. లాకర్ ఇచ్చే ధైర్యంతో జనం మునుపు వెళ్ళని చోట్లకు వెళుతున్నారన్నది ఇంకో మాట. రెండూ నిజమే కావడం వల్ల ఈ ప్రశ్న పరికరం నుంచి మనిషి ప్రవర్తనకు మారింది, దాన్ని గేర్లతో తేల్చలేం.

అన్నిటికంటే కొత్తది విద్యుత్ బండి. 2021లో వచ్చిన రివియన్ ఆర్1టీ, 2024లో వచ్చిన మెర్సిడెస్ జీ 580 ఒక్కో చక్రానికి ఒక్కో మోటారు పెట్టుకుని డిఫరెన్షియల్‌నే తీసేశాయి. ఏ చక్రానికి ఎంత బలమో సాఫ్ట్‌వేర్ క్షణక్షణం నిర్ణయిస్తుంది. లాక్, ఎల్‌ఎస్‌డీ రెండూ ప్రోగ్రాంలో రెండు అమరికలు మాత్రమే. వాదం ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ ఒక చిక్కుంది. మూడు చక్రాలకు పట్టు పోయినప్పుడు లాకులున్న డీజిల్ బండి ఇంజన్ బలమంతా నాలుగో చక్రానికి పంపగలదు. నాలుగు మోటార్ల బండిలో ఆ చక్రానికి దాని సొంత మోటారే దిక్కు, మిగతా మూడింటి బలం దానికి చేరే దారి లేదు. జీ 580లో నాలుగు మోటార్ల మొత్తం టార్క్ 1,164 న్యూటన్ మీటర్లు. ఒక్కో మోటారుకూ రెండింతలు చేసే సొంత లో రేంజ్ గేరు ఈ లోటును కొంత పూడుస్తుంది. బండి కదలకుండా రాయికి ఆనుకుని పూర్తి బలంతో తోస్తున్నప్పుడు ఆ మోటారు, దాని ఇన్వర్టర్ ఎంతసేపు వేడి తట్టుకుంటాయన్నది పాత లాకర్‌కు ఎన్నడూ ఎదురుకాని పరీక్ష.